నీలి స్టిక్కర్

చుంపోన్ రేవులో ప్రయాణికుల చొక్కాల మీద స్టిక్కర్లు అంటించడం ఉరై పని. పడవకో రంగు. పడవవాళ్ళు ఆ రంగు చూసి ఎక్కించుకుంటారు, ఇంకేమీ అడగరు. ఉరై భర్త నడిపిన పడవ జనంతో సహా మునిగిపోయాక, దాని నీలిరంగును వాడడం మానేశారు.

ఆ రాత్రి ఆఖరి పడవ వెళ్ళిపోయినా బెంచీ మీద ఒక ముసలాయన మిగిలాడు. బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా మీద నీలి స్టిక్కర్.

"ఇంక పడవల్లేవు తాతా, ఇంటికెళ్ళు," అంది ఉరై.

"మాది వస్తోందమ్మా. మీ ఆయన నీకూ చోటుంచాడు."

"నేనెక్కను."

"రంగు చూస్తారు తల్లీ, మనిషిని అడగరు."

ఉరై తల వంచి చూసుకుంది. తన చొక్కా మీదా నీలి స్టిక్కర్. గోటితో గీకింది. ఊడలేదు. దీపాల్లేని సముద్రం మీంచి పడవ కూత వినిపించింది.