చేతులతో తిప్పే బండి

దగ్గరకొచ్చి కూర్చో భానూ. ఇది మన గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానా కూలీల లైన్లో, నా కళ్లముందే జరిగింది.

కాళ్లు చచ్చుబడిన నరసమ్మను కుళాయికైనా బజారుకైనా మొగుడు బంగారయ్యే ఎత్తుకుని తిప్పేవాడు. చివరికి ఓడల తుక్కు ఏరుకొచ్చి, చేతులతో తిప్పే పెడళ్లు బిగించి, ఆమెకో మూడు చక్రాల సైకిల్ చేశాడు. విశ్వకర్మ పూజనాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి పళ్లెం నా చేతికిచ్చాడు.

నరసమ్మ పెడళ్లు తిప్పింది. నిమ్మకాయలు చితికాయి. లైనంతా చప్పట్లు కొట్టింది.

"ఇక కుళాయికి నువ్వే ఎల్లగలవు కదే?" అన్నాడు బంగారయ్య.

"ఎల్తాను. నీ నడుం బతికింది" అని నవ్విందామె.

డప్పుల మోతలో అతను గొంతు తగ్గించాడు; పళ్లెంతో పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"అయితే నేను బడ్జ్ బడ్జ్ ఎల్లిపోతాను, మేరీరాణి కాడికి, కాపురానికి. నిన్ను ఇలా వదిలేసి వత్తే గుమ్మం ఎక్కనీనంది. అందుకే ఈ బండి."

నరసమ్మ బండి వంక చూసింది. దాన్ని బిగిస్తున్నన్నాళ్లూ పక్కన కూర్చుని నట్లు అందించింది ఆమే.

"సంచీ సర్దీసావేటి?"

"సర్దీసాను."

"ఎనకాల కూకో. బస్సు కాడ దింపుతాను."

సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె చేతులతో తిప్పుకుంటూ తీసుకెళ్లింది.

"చూడండర్రా, బౌదీ దాదాని షికారు తిప్పుతోంది" అంటూ, బెంగాలీలో వదినా అన్నా అని వరసలు కలుపుతూ, ఏమీ తెలియని లైనువాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఎవరికి చెప్పినా, తల్లీ, ఆ రెండోసారి చప్పట్లు మాత్రం విడిచిపెట్టకుండా చెప్పు.