ముక్కు మీద ఉద్యోగం

మొదటి గుక్క తాగీ తాగకముందే భర్త కాఫీని సింకులో ఊసేశాడు.

"పాలు పాడైపోయాయి! కప్పు నోటి దగ్గర పెట్టగానే గుప్పుమని వాసన కొడుతోంది. నీకు తెలీలేదా?"

ఆమె పాల ప్యాకెట్టు తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది. మంచినీళ్ల సీసా వాసన చూసినట్టే ఉంది.

"పాలు విరక్కముందు వచ్చే వాసన మీదే కదా తమరు డాక్టరేటు చేసింది?" అని నవ్వబోయిన భర్త, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

"సామాను విప్పడం మొదలెట్టిన రోజు నుంచీ ఇంతేనండీ. ఆ దుమ్ముకి జలుబు చేసింది. జలుబైతే తగ్గింది కానీ వాసన తెలియడం లేదు. ఇవాళో రేపో తెలుస్తుందిలే అని మీకు చెప్పలేదు."

పక్క గదిలో అట్టపెట్టెలు విప్పుతున్న అత్తగారు కత్తెర పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో! ముక్కుని చూసి ఇచ్చిన ఉద్యోగమాయె! తీరా చేరే రోజున ముక్కు పోగొట్టుకుంటే ఎలాగే అమ్మాయ్?"

"అమ్మా, నువ్వు ఊరుకో" అన్నాడు కానీ, అతనికీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆమె కోసమే తన ఉద్యోగానికి నీళ్లొదులుకుని, పెట్టేబేడా సర్దుకుని ఈ కొత్త ఊరికి వచ్చాడు. తిండి పాడవుతోందని వాసనతోనే పసిగట్టే పరిశోధనశాల అది. చదువుకునే రోజుల్లో ఆమె నిద్రలో కూడా కలవరించిన చోటు. కానీ చేరే రోజున ముక్కుకి పరీక్ష పెడతారు. తప్పితే వచ్చిన దారినే వెళ్లిపోవాలి. ఆ సంగతి ముందే చెప్పారు.

"ఓ పని చెయ్" అన్నాడు భర్త. "పరీక్షలో ఏది పెట్టినా పుల్లటి వాసన అని చెప్పెయ్. పాల మీద పనిచేసినదానికి ఇంకేం పెడతారు? ఈలోగా ముక్కు దానంతటదే బాగవుతుంది."

"తప్పయితే?"

"నిజం చెప్తే మాత్రం ఉంచుకుంటారా?"

ఆమె చెప్పులేసుకుని వెళ్లి బస్సెక్కింది.

దారి పొడుగునా వాసన చూస్తూనే ఉంది. బస్సు పొగ, తన చేతికున్న సబ్బు, పక్క సీటాయన ఒలుస్తున్న నారింజ తొక్క. ఏదీ తెలియడం లేదు. పరిశోధనశాల మెట్లెక్కి లోపలికి వెళ్లింది.

గదిలో ఓ పెద్దావిడ కళ్లజోడు మీదుగా చూసి కూర్చోమంది. ఆ పరిశోధనశాలకి పెద్ద ఆవిడే. ఆవిడ ముక్కుకి తిరుగు లేదని ఆ రంగంలో చెప్పుకోని వాళ్లు లేరు. ఎదురుగా ఉన్న చల్లారిన కాఫీని ఓ గుక్క తాగి, బల్ల మీది గంట కొట్టింది.

సహాయకురాలు పళ్లెంలో వాసన చూడాల్సిన కాగితం పట్టీలు తెచ్చింది. గుమ్మంలోనే మొహం చిట్లించింది. కాఫీ కప్పు వంక ఓసారి, పెద్దావిడ వంక ఓసారి చూసి, ఏదో అనబోయి మానేసి, కిటికీ బార్లా తెరిచి వెళ్లిపోయింది. పరీక్షకి గాలి మారుస్తోంది కాబోలు అనుకుంది ఆమె.

"ఊ, కానివ్వు" అంది పెద్దావిడ.

ఆమె మొదటి పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. రెండోదీ అంతే. మూడోదాన్ని తిప్పి తిప్పి వాసన చూసింది.

"ఏం వాసన?"

'పుల్లటి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంట్లో భర్త ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలోకీ గదిలోకీ తిరుగుతూ ఉంటాడు. ఒక్క మాట అనేస్తే సరిపోతుంది. కానీ ఇక్కడ 'పాలు బాగున్నాయి' అన్నాకే కదా అవతల ఎవరి బిడ్డో ఆ పాలు తాగేది!

ఆమె పట్టీని పళ్లెంలో పెట్టేసింది. "నన్ను క్షమించండి మేడం. నాకేం వాసనా తెలియడం లేదు. ఒక్కదానికీ."

పెద్దావిడ బల్ల మీద ఫట్టుమని కొట్టింది.

"శభాష్! అవి ఉత్త నీళ్లలో ముంచి ఆరబెట్టిన పట్టీలమ్మా! నీకంటే ముందొచ్చిన వాళ్లంతా ఒకడు పులుపన్నాడు, ఒకడు బూజన్నాడు. నన్ను మెప్పించాలని లేని వాసనలన్నీ పుట్టించారు. లేనిది లేదన్న ముక్కు నీదొక్కటే!"

"అది కాదు మేడం, నా ముక్కు..."

"నీ ముక్కు బంగారం! ఉద్యోగం నీదే. ముందు ఆ తలుపు వేసి రా, నీతో ఓ మాట చెప్పాలి."

ఆమె తలుపు వేసి వచ్చింది. ఎలాగైనా చెప్పేయాలని నోరు తెరవబోయింది. అంతలో పెద్దావిడ ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఇది మనిద్దరి మధ్యే ఉండాలమ్మా. పోయినేడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ నాకు ఏ వాసనా తెలియడం లేదు. ఇక మీదట నా ముక్కు కూడా నువ్వే!"