వెనక గోడ

కొలబద్దగాడి నోరు పడిపోను అని అతను మనసులో వందోసారి తిట్టుకున్నాడు. ఊళ్ళో అందరి గోడలూ కొలుస్తూ తిరుగుతాడని ఆ ముసలాయనకు ఆ పేరు. ఎదురు స్థలంలోకి వచ్చి నెల కాలేదు, అప్పుడే ప్లానింగు ఆఫీసుకు వెళ్ళి ఊదాడు, ఈ ఇల్లు కట్టింది ఒక చెయ్యి కాదని. నిప్పు రాజేసి, ఇప్పుడు తన గుమ్మంలో కూర్చుని వేడుక చూస్తున్నాడు.

ఈ లేఅవుటులో స్థలాలు ఊరికే ఇచ్చారు. షరతు ఒకటే. ఎవరి పేరున ఇచ్చారో వాళ్ళే తమ చేతుల్తో కట్టుకోవాలి. కూలీని పెట్టినా, మనిషి మధ్యలో పోయినా స్థలం వెనక్కి. చివరి వీధిలో టీకొట్టు అతను స్లాబు వెయ్యకముందే గుండె ఆగి పోతే, పెళ్ళాం బిడ్డల్ని కట్టుబట్టలతో బయటికి పంపారు.

పాపను తల్లి పొద్దున్నే పక్కవీధి అవ్వ దగ్గర వదిలి వచ్చింది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు.

తనిఖీకి వచ్చిన ప్లానింగు ఆఫీసరు కాగితం మీది ఫొటోనీ అతని మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

“గడ్డం ఏమైంది?”

“తీసేశాను సార్.”

“బాగా చిక్కావే.”

“ఇల్లు లావెక్కుతుంటే నేను చిక్కనా సార్?” నవ్వబోయాడు.

“రాత్రుళ్ళు బయట పడుకుంటావట?”

“ఇటుకలకి కాపలా సార్.”

ఆఫీసరు ఇంటి చుట్టూ తిరిగాడు. ముందు గోడ, రెండు పక్క గోడలు దారం పట్టి గీసినట్టున్నాయి. వెనక గోడ దగ్గర ఆగాడు. అక్కడ వరసలు పాములా మెలికలు తిరిగాయి.

“నే చెప్పలా!” కొలబద్ద రోడ్డు దాటి వచ్చాడు. “ఎవడో వచ్చి కట్టిపోయాడు సార్.”

“మీరు కాస్త ఊరుకోండి పెద్దాయనా.” ఆఫీసరు తాపీ తీసి అతని చేతిలో పెట్టాడు. “నాలుగు ఇటుకలు పేర్చు, చూద్దాం.”

సిమెంటు ఒకచోట ముద్దగా, ఒకచోట పల్చగా పడింది. నాలుగో ఇటుక పక్కకు ఒరిగింది. అచ్చం వెనక గోడే.

“అంటే ఇది నువ్వు కట్టిందే. మరి ఆ మూడూ ఎవరు కట్టారు?”

అతనికి మూట నెత్తిన పెట్టుకుని ఆమె, వెనకాల పాప, రోడ్డు మీద నడుస్తున్నట్టే కనిపించింది.

“పాప నాన్నే సార్,” అంది ఆమె గుమ్మంలోంచి. గొంతు వణకలేదు. “మూడు గోడలూ లేచాక పరంజా మీంచి పడ్డారు. వెనక గోడ ఆ తర్వాత కట్టింది.”

ఆఫీసరు అతని చేతుల వంక చూశాడు. పగిలిన గోళ్ళు, చిట్లిన బొబ్బలు.

“దెబ్బ గట్టిగా తగిలిందా?”

“గట్టిగానే సార్,” అన్నాడు అతను నేల చూపులు చూస్తూ.

కాగితం మీద ముద్ర పడింది. జీపు వెళ్ళిపోయింది. కొలబద్ద గొణుక్కుంటూ పోయి తలుపేసుకున్నాడు.

ఆమె ముందు గోడకు చెంప ఆనించి నిలబడిపోయింది. అతను ఎప్పటిలాగే గడప దాటకుండా, అరుగు మీది తన చాప మీద కూలబడ్డాడు.

“అన్నయ్య ఇల్లు దక్కింది వదినా,” అన్నాడు.