డబ్బా ఇల్లు, సావుకారి నేల

గుణశేఖర్ స్కూటర్ దిగీ దిగకముందే వనజమ్మ ఉగ్గాని ప్లేటు చేతిలో పెట్టింది. తినకపోతే ఊరుకోదు. తింటే చెప్పలేడు. ఇవాళ చెప్పాల్సిన మాట అలాంటిది మరి.

ఎర్రగుంట్ల దాటాక రోడ్డు పక్కన పద్నాలుగు డబ్బా ఇళ్లున్నాయి. ఇనుప కంటైనర్లకు తలుపూ కిటికీ పెట్టి అమ్మినవి. ఇల్లు కొన్నవాళ్లది, కింద నేల మాత్రం సావుకారిది. ప్రొద్దుటూరు నుంచి నెలనెలా వచ్చి ఆ నేల బాడుగ తీసుకుపోయేది గుణశేఖర్. అక్కడ అందరూ అతన్ని గుమాస్తా అంటారు. సావుకారి ముఖం ఎరగరు. తిట్టడానికి ముఖంతో పనేముంది!

"అక్కా, సావుకారి నేల ఖాళీ చేయమంటాండాడు. సిమెంటు లారీలు నిలుపుకునేదానికి ఇస్తాడంట. నెలాఖరు లోపల," అన్నాడు ప్లేటులోకి చూస్తూ.

వనజమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇల్లు నాదే గదప్పా? కమ్మలమ్మి కొంటి."

"నీదేనక్కా. ఎత్తుకుపోవచ్చు."

"యాడికెత్తుకుపోయేది? సెంటు నేలుంటే ఈడెందుకుంటా?"

నిజమే. క్రేను ఖర్చే ఆమె తలకు మించింది. ఆరేళ్లుగా ఈ గుమ్మంలో తిన్న తిండి గుర్తొచ్చి గుణశేఖర్ సిగ్గుతో చచ్చిపోయాడు. కటువు మాట చెప్పడం అతనికి మొదట్నుంచీ చేతకాదు.

లోపల ఆమె కూతురు జాహ్నవి పైకి చదువుతోంది. పదో తరగతి. వనజమ్మ గొంతు తగ్గించింది.

"పాప పరీక్షలయ్యేదాకా ఆగమనప్పా. రెండు నెలలు. నీ మాటంటే ఆయప్పకు శానా గురి. ఒక్క ఫోను చెయ్యి."

అతను ఫోను చెవికి పెట్టుకుని రోడ్డు వారకు నడిచాడు. వనజమ్మ గుమ్మంలోంచి చూస్తోందని తెలుసు. "ఆడబిడ్డ చదువన్నా. రెండు నెలలే గదన్నా," అని బతిమాలాడు. తిరిగొచ్చేసరికి కళ్లు నిజంగానే చెమర్చాయి.

"ఒప్పుకోలేదక్కా."

"వాని కొంప కూలిపోను!" అంది వనజమ్మ. గుణశేఖర్ ఉలిక్కిపడ్డాడు. అతని ముఖం చూసి ఆమే మెత్తబడింది. "నువ్వేం చేస్తావులేప్పా. అట్లాంటోని కింద పని చేసి బతకాల్సొచ్చె నీకు."

మిగిలిన ఉగ్గాని టిఫిన్ డబ్బాలో పెట్టి, పిల్లలకు తీసుకుపొమ్మని ఇచ్చింది. అతను దాన్ని స్కూటర్ కొక్కేనికి తగిలించుకున్నాడు.

మలుపు దాటాక స్కూటర్ ఆపి, లారీల కాంట్రాక్టరు ఖాదర్‌కు ఫోను చేశాడు.

"నెలాఖరుకు ఖాళీ అయితాది మామా."

"మంచిదప్పా. అగ్రిమెంటులో సావుకారి పేరేం రాయించాల?"

గుణశేఖర్ కొక్కేనికి ఊగుతున్న టిఫిన్ డబ్బాను చేత్తో ఆపాడు.

"నా పేరే రాయించు మామా, ఆ నేలకు మొదట్నుంచీ సావుకారిని నేనే."