పొట్టి కాళ్ల బెంచీలు

వంతెనను పట్టుకుపోయిన వరద తర్వాతి ఎండాకాలం అది.

వడ్రంగి మేస్త్రి రంపం పళ్లకు ఆకురాయి పడుతున్నాడు. గుమ్మంలో ఎవరో దగ్గారు.

తలెత్తి చూస్తే ఒక బక్కపలచని మనిషి. భుజాన గుడ్డసంచి, చంకలో ఒక కర్ర.

"పని నేర్చుకుందామని వచ్చాను మేస్త్రిగారూ."

"ఈ వయసులోనా?"

"వరదకి మా బడి బెంచీలన్నీ పోయాయి. పిల్లలు వట్టినేల మీదే కూర్చుంటున్నారు. చెక్క దొరికింది గాని చేసేవాళ్లు దొరకలేదు. సెలవులయ్యేలోగా నేనే చేద్దామని."

మేస్త్రి చెయ్యి ఆగింది.

"పంతులువైతే ఇప్పుడే చెప్పు, వచ్చిన దారినే పోదువుగాని. మూడో తరగతిలో ఒకాయన ఈ వేళ్ల మీద రూళ్లకర్ర విరగ్గొట్టాడు. ఆ రోజు బడి మెట్లు దిగినవాణ్ని, మళ్లీ ఎక్కలేదు."

వచ్చినాయన ఆ వేళ్ల వంకే చూస్తూ ఉండిపోయాడు.

"గంట కొట్టేవాడివా?"

అవునన్నట్టు తలూపాడు.

ఆ రోజునుంచి ఆయన పేరు గంటాయన.

పని ఒక పట్టాన రాలేదు. మొదటి వారం సుత్తి ఉలికన్నా బొటనవేలికే ఎక్కువ తగిలింది.

"చెక్కనలా నిమురుతావేమయ్యా? అదేమన్నా అలిగిన పెళ్లామా?"

గంటాయన నవ్వేవాడు. ఏ చెక్క ఎటు చీలుతుందో, ఉలి ఎటు పట్టాలో చిన్న పుస్తకంలో రాసుకునేవాడు.

"గంట కొట్టేవాడికి పుస్తకమెందుకు?"

"మతిమరుపు మేస్త్రిగారూ."

రంపంపొట్టు లేచిందంటే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. బయటికెళ్లి, గోడ పట్టుకుని వగర్చి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు.

"పనెగ్గొట్టడానికి మంచి దగ్గే దొరికింది నీకు."

ఒక మధ్యాహ్నం గంటాయన అడిగాడు.

"ఏం తప్పు చేశారని కొట్టాడండీ ఆ పంతులు?"

"బల్ల ఎన్ని జానలుందో కొలవమన్నాడు. కొలిచి చెప్పాను. ఆయన జానకి వేరే లెక్క వచ్చింది."

గంటాయన ఉలి పక్కన పెట్టాడు.

"మీ చేతికి మీ లెక్కే ఒప్పు. తప్పు మీది కాదు."

మేస్త్రి చాలాసేపు చిత్రిక పడుతూనే ఉన్నాడు.

"ఇన్నేళ్లకి ఆ మాట ఎవడన్నాడూ అంటే, గంట కొట్టేవాడన్నాడు" అన్నాడు చివరికి.

నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. గంటాయన తొలిచిన బెజ్జంలో మేస్త్రి వేలుపెట్టి చూసి, వంక దొరక్క ఊరుకునేవాడు.

బెంచీల కాళ్ల దగ్గరే వచ్చింది తంటా.

గంటాయన తన కర్ర ఆనించి కాళ్లు కోసేవాడు. దాని మీద కత్తితో పెట్టిన గాట్లు ఆరు. మేస్త్రిది తండ్రి ఇచ్చిన కొలకర్ర. దానికన్నా ఇవి బెత్తెడు దాకా తక్కువ.

"కోళ్లు కూర్చోవడానికా ఇవి?"

"చిన్నపిల్లలండీ. పాదాలు నేలకి ఆనాలి."

"పిల్లలు పెరుగుతారు. బెంచీ పెరుగుతుందా?"

"పెరిగేలోపు కూర్చోవాలి కదండీ."

"నా కొట్లోంచి కొలత తప్పిన సామాను బయటికి పోదు."

సాయంత్రం ఆయన వెళ్లగానే ఆ పొట్టి కాళ్లను మేస్త్రి జిగురు కాచే పొయ్యిలో పెట్టాడు. తన కొలతకు వేరే కాళ్లు కోసి బిగించాడు.

మర్నాడు గంటాయన బూడిద చూశాడు. బిగించినవి ఊడదీసి, మళ్లీ పొట్టివే కోశాడు.

మేస్త్రి మళ్లీ కాల్చాడు.

మూడోసారి కోస్తూ కోస్తూ గంటాయన దగ్గుకుంటూ బయటికి వెళ్లాడు. తిరిగి రాలేదు. కర్ర అక్కడే ఉండిపోయింది.

"అలిగాడు. అలక తీరితే వాడే వస్తాడు" అన్నాడు మేస్త్రి, ఎదురుగా ఉన్న టీ కొట్టాయనతో.

మిగిలిన కాళ్లు కూడా తనే బిగించాడు. తన కొలతకే.

బడి తెరవడానికి ముందురోజు టీ కొట్టాయన గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"మీ గంటాయన పోయాడంట మేస్త్రీ. ఊపిరితిత్తులు ఎప్పుడో చెడ్డాయంట. దుమ్ములో కూర్చోవద్దని డాక్టరు మొత్తుకున్నా వినలేదంట."

టీ మీద తొరక కట్టింది. మేస్త్రి ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆరు బెంచీలూ తోపుడుబండికెక్కించాడు. పనిముట్ల సంచి, ఆ కర్ర పైన పెట్టాడు. తోసుకుంటూ వెళ్లి, అన్నీ ఒక్కొక్కటే మోసుకుంటూ బడి మెట్లెక్కాడు. మూడో తరగతి తర్వాత అదే ఎక్కడం.

ఆయా గది ఊడుస్తోంది. పిల్లలు బెంచీకి ఇద్దరేసి ఎక్కి కూర్చున్నారు.

పన్నెండు జతల కాళ్లు గాల్లో వేలాడాయి.

ఒక పాప కిందికి దూకి, కర్ర తీసుకుని మోకాలికి ఆనించుకుంది.

"ఈ గాటు నాదీ, నా పక్కన కూర్చునేదానిదీ తాతా. ఇద్దర్నీ నించోబెట్టి మోకాలి దగ్గర పెట్టారు. ఆ కిందదేమో బుడ్డోళ్లది."

మేస్త్రి తన వేళ్ల వంక చూసుకున్నాడు.

సంచిలోంచి రంపం తీశాడు. బెంచీలు తిరగేసి, ఒక్కో బెంచీకి ఒక్కో గాటు ఆనించి, కాళ్లన్నీ కోశాడు. ఇరవైనాలుగు ముక్కలు నేలరాలాయి. పొట్టు ఎండలోకి లేచింది. ఎవరూ దగ్గలేదు.

పిల్లలు మళ్లీ కూర్చున్నారు. పాదాలన్నీ నేలకానాయి.

మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇకనుంచి గంట ఎవరు కొడతారమ్మా?" అని ఆయాను అడిగాడు.

ఆమె చీపురు గోడకు చేరేసింది.

"గంట ఎప్పుడూ నేనే కొడతానయ్యా. పాఠం చెప్పేవాళ్లే లేరిక."