మేక తిన్న సంచి

“నోరు తెరువే, నీ పాడుగాను” అంటూ మారెక్క సూడిమేక దవడలు పెకలించింది. ఈశ్వరి టీచరు వాకిట్లో ఆరేసిన సంచి అప్పటికే సగం లోపలికి పోయింది.

“రేపు సైన్స్ ప్రదర్శనకని చేసింటి మారెక్కా. ఉండేదే అదొకటి” అంది టీచరు.

“నీ సంచికేమి టీచరమ్మా, నా మేక సస్తాది. పోయినేడు సచ్చిన మేక కడుపు కోస్తే తలకాయంత కవర్ల ఉండ ఉండాది.”

“ఇది ఆ కవరు కాదు. మొక్కజొన్న పిండి ఉడికించి చేసినా.”

“చూస్తే కవరే కదా.”

టీచరు మిగిలినదాంట్లో ఒక ముక్క చింపి నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. మారెక్క మేకను వదిలేసి ఆమె ముఖంలోకి చూసింది.

“ఎట్లుండాది?”

“ఉప్పు లేదు.”

ఇద్దరూ అరుగు మీద కూర్చుని మేకనే చూశారు. కాసేపటికి అది కాళ్లు మడిచి పడుకుని నెమరు వేయసాగింది. నెమరు వేసే మేక చావదని మారెక్కకు తెలుసు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇంక రేపు ఏం చూపించేది?” అంది టీచరు.

“సంచి చూపిచ్చింటే వాళ్లూ నా మాదిరే కవరనుకుందురు. మేకను తోలుకొస్తా, నెమరేసేది చూపియ్యి.”