నాలుగు పాయింట్ మూడు

మూడోసారి కూడా అమ్మ గొంతు ముక్కలైపోయింది.

"నా తల్లీ, బా... బా... ఉన్నా..." అంటూ స్పీకరు గరగరలాడి ఆగింది. మైకు ముందు కూర్చున్న హెలెన్ ఉలిక్కిపడి భర్త వంక చూసింది. శ్యాంబాబు పళ్లు నూరుకుంటూ కంప్యూటరు ఆపేశాడు.

దాన్ని అని లాభం లేదు. ఎనిమిదేళ్ల నాటి నాలుగు కోర్ల ప్రాసెసరు. నరసాపురంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసుకోడానికి కొన్నది. హెలెన్ మాట్లాడే ప్రతి మాటా అప్పటికప్పుడు అత్తగారి గొంతులోకి మార్చి ఫోన్లోకి పంపమంటే అదేం చేస్తుంది?

అత్తగారి పేరు పాపాయమ్మ. చర్చిలో స్త్రీల సమాజానికి ఇరవై ఏళ్లు పెద్ద. ఆవిడ చేసిన ప్రార్థనలు, చెప్పిన సాక్ష్యాలు గంటలకు గంటలు కొడుకు దగ్గర రికార్డయి ఉన్నాయి. వాటినే సాఫ్ట్‌వేరుకి నేర్పాడు. గొంతు అచ్చు దిగింది. దేవుడి కోసం ఎత్తిన గొంతు ఇలా కూడా పనికొస్తుందని ఆవిడ కల్లో కూడా అనుకోలేదు.

వినాల్సింది చెల్లెలు మెర్సీ. కువైట్‌లో ఒక ఇంట్లో పని. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తుంది. వీడియోకి అక్కడి మేడమ్ ఒప్పుకోదు, ఉత్త మాటలే. ఈస్టర్ తర్వాత మెర్సీకి అమ్మ మాట వినపడలేదు. ఒక వారం జ్వరమన్నాడు శ్యాంబాబు. ఇంకో వారం గొంతు పోయిందన్నాడు. మూడో వారం మెర్సీ బావురుమంది.

"నిజం చెప్పు అన్నయ్యా. అమ్మకేమైనా అయ్యిందా? వచ్చే ఆదివారం కూడా మాట్లాడకపోతే నేను వచ్చేస్తాను. ఈ అగ్రిమెంటూ వద్దు, ఏమీ వద్దు."

వచ్చేస్తే ఇంకేమన్నా ఉందా. మరో రెండేళ్లకి సంతకం పెట్టాల్సిన గడువు ఆ సోమవారమే. మెర్సీ పంపే డబ్బుతో మేడ మీద శ్యాంబాబు కొత్త స్టూడియోకి గోడలు లేచి, కప్పు పడక ఆగి ఉన్నాయి. నిజం చెవిన పడితే మెర్సీ మర్నాటి విమానమే ఎక్కుతుంది.

"పాపమండీ. ఆ పిల్లకి ఉన్న మాట చెప్పేద్దాం" అంది హెలెన్.

"చెప్పి? పరాయి దేశంలో ఒక్కత్తే కూర్చుని ఏడుస్తుంటే నువ్వెళ్లి ఓదారుస్తావా?"

హెలెన్ లేచి వంటింట్లోకి వెళ్లింది.

పట్టుదలకి మాత్రం శ్యాంబాబుని మెచ్చుకోవాలి. ప్రాసెసరు వేగం పెంచే పనిలో పడి వారం రోజులు తిండీ తిప్పలూ మరిచిపోయాడు. కంపెనీ ఇచ్చిన వేగం మూడున్నర గిగాహెర్ట్జ్. కంప్యూటరు లోపలి సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి ఒక్కో మెట్టూ ఎక్కించాడు. ఎక్కించిన ప్రతిసారీ గంటల తరబడి పరీక్ష. నాలుగు దాటాక మొండికేసింది. వోల్టేజీ రవ్వంత పెంచాడు. నాలుగున్నర దగ్గర తెర నీలంగా మారి చచ్చింది. మళ్లీ దించాడు. వోల్టేజీ పెంచితే వేడి, తగ్గిస్తే హ్యాంగు. తల ప్రాణం తోకకొచ్చింది. రాజమండ్రి వెళ్లి పెద్ద కూలర్ తెచ్చి, ప్రాసెసరు మీద వేడి లాగే పాత పేస్టు గీకేసి, కొత్తది రాసి బిగించాడు. బయట మే నెల ఎండ. కేబినెట్ పక్క రేకు ఊడదీసినా తొంభై డిగ్రీలు చూపించింది.

శనివారం పొద్దున్న వెనక గదిలోంచి అమ్మ టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చి కేబినెట్‌కి ఎదురుగా పెట్టాడు.

"ఆ ఫ్యాను కూడానా అండీ?" హెలెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కడికంటే ఇక్కడ అవసరం."

వేడి డెబ్బై ఎనిమిదికి దిగింది. నాలుగు పాయింట్ మూడు దగ్గర మెషీన్ నిలబడింది. మర్నాడు చర్చికెళ్లి వచ్చేదాకా పరీక్ష నడుస్తూనే ఉంది. ఒక్క తప్పు లేదు.

మూడింటికి ఫోన్ మోగింది.

"అమ్మా?"

హెలెన్ మైకు వంకే చూస్తోంది. శ్యాంబాబు మోచేత్తో పొడిచాడు.

"నా తల్లీ, బాగున్నావా?" పాపాయమ్మ గొంతు. ఎక్కడా విరగలేదు.

అవతల మెర్సీ వెక్కివెక్కి ఏడ్చింది. "ఎంత భయపడ్డానో తెలుసా అమ్మా." కాస్త తేరుకుని, "వెనకాల ఏంటమ్మా ఆ బాదుడు?" అని అడిగింది.

శ్యాంబాబు గబగబా కాగితం మీద రాసి చూపించాడు.

"మేడ మీద పని జరుగుతోందమ్మా."

"ఆదివారం కూడానా?"

"మేస్త్రీలకి ఆదివారమేంటి తల్లీ."

మెర్సీ గొంతు తగ్గించింది. "అమ్మా, ఇక్కడి సారు సంగతి ఈస్టర్ రోజు నీకు చెప్పాను కదా. గది గడియ పెట్టుకున్నా భయంగానే ఉంటోంది. నువ్వు వచ్చెయ్యమంటే వచ్చేస్తాను."

హెలెన్ మొగుడి వంక చూసింది. అతని కళ్లు తెర మీదే ఉన్నాయి. ఎనభై ఒకటి. ఎనభై రెండు. నాలుగు కోర్లూ నూటికి నూరు పనిచేస్తున్నాయి. చూడకుండానే రెండో కాగితం ఆమె ముందుకి తోశాడు.

"సర్దుకో తల్లీ" అంది అమ్మ గొంతు. "రెండేళ్లు ఎంతలో గడుస్తాయి. సంతకం పెట్టెయ్. నీకోసం ప్రార్థన చేస్తూనే ఉన్నాను."

శ్యాంబాబు ఫోన్ మీదికి వంగాడు.

"నువ్వే అలా అంటే ఇంకేముందమ్మా. రేపు పెట్టేస్తాను."

ఫోన్ పెట్టేసింది. హెలెన్ మైకు నెట్టేసి బల్ల మీద తల వాల్చేసింది. శ్యాంబాబు ఆమె వంక చూడలేదు. ముఖం తుడుచుకుని, వేగం మళ్లీ మూడున్నరకి దించి, కంప్యూటరు ఆపేశాడు.

తర్వాత వెళ్లి వెనక గది తాళం తీసి, "అమ్మా, మెర్సీ ఇంకో రెండేళ్లు ఉంటానంది, ఇక బయటికొచ్చి అన్నం తిను" అన్నాడు.